‘సా’ మెజోం ఎవరి ఇల్లు?

ఆంధ్రదేశంలో తగవులు తీర్చే ప్రతి పెద్దమనిషికీ ఫ్రెంచి వ్యాకరణం నిర్బంధంగా నేర్పించాలని ప్రభుత్వం వారికి సవినయంగా మనవి చేసుకుంటున్నాను. వ్యాకరణమంతా అక్కర్లేదు. నాది, నీది, అతనిది, ఆమెది అని చెప్పడానికి ఆ భాషలో కొన్ని చిన్న చిన్న మాటలున్నాయి. ఆ ఒక్క పాఠం చాలు. అదైనా పూర్తిగా రావలసిన పనిలేదు. సగం వస్తే మరీ మంచిది.

నవ్వకండి. నేను ఏడాదిన్నరగా ఆ పాఠం చదువుతున్నాను. సగమే వచ్చింది. ఆ సగంతోనే సముద్రపు ఒడ్డున ఒక ఇంటి తగవు తీర్చి వచ్చాను. పూర్తిగా వచ్చి ఉంటే ఆ తగవు ఇవాళ్టికీ తెగేది కాదని నా దృఢమైన అభిప్రాయం. కాస్త ఓపిక పడితే ఎట్లాగో చెబుతాను.

నేను గూడూరులో దస్తావేజులు రాసి బతికేవాణ్ణి. ఇరవై రెండేళ్ళుగా అదే పని. అమ్మకం, తాకట్టు, పంపకం, దానం, ఎవరు ఎవరికి ఏది ఇచ్చినా ఇచ్చినట్టు రాసేది నేనే. అందరూ రైటరు గారంటారు. ఈ వయసులో ఫ్రెంచి నేర్చుకోవాలన్న బుద్ధి నాకై నాకు పుట్టలేదు. పాండిచ్చేరి పుట్టించింది.

పాండిచ్చేరి మన దేశంలో కలిసిపోయిన తర్వాత, అక్కడి దొరల ఇళ్ళలో వంటవాళ్ళుగా, తోటమాలులుగా పనిచేసిన మన తీరం వాళ్ళు చాలామంది ట్రంకుపెట్టెలు నెత్తిన పెట్టుకుని తిరిగి వచ్చారు. ప్రతి పెట్టెలోనూ అడుగున ఒక ఫ్రెంచి కాగితం. అది ఏమిటో చెప్పమని నా దగ్గరికి తెచ్చేవారు. నేను దాన్ని అటూ ఇటూ తిప్పి, ముద్ర వైపు కాసేపు చూసి, “చాలా ముఖ్యమైన కాగితం, జాగ్రత్తగా దాచుకోండి” అని చెప్పి పంపేవాణ్ణి. అట్లా దాచుకోమన్న వాటిలో ఒకటి, ఎవరో దొరగారి విందుకు ఏమేమి వండాలో రాసిన చీటీ అని తర్వాత తెలిసింది. ఆ కుటుంబం దాన్ని ఇప్పటికీ బైబిల్లో పెట్టుకుని ఉంది. నేను వాళ్ళకి చెప్పలేదు.

ఇటువంటి పాపం ఇంక మూటగట్టుకోకూడదని క్రీస్తుదాసు గారిని ఆశ్రయించాను. ఆయన పాండిచ్చేరి కోర్టులో ముప్ఫై ఏళ్ళు కాగితాలకు నకళ్ళు రాసి, రిటైరై, పుట్టిన ఊరని గూడూరు వచ్చి స్థిరపడ్డారు. పొడుగ్గా, సన్నగా, ఎండాకాలంలో కూడా కోటు విప్పని మనిషి. కొంచెం ఉబ్బసం. ముప్ఫై ఏళ్ళ ఫ్రెంచి లోపలే ఉండి బూజు పడుతోందని ఆయన దిగులు. సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా వాళ్ళ వరండాలో క్లాసు పెట్టారు. ఫీజు లేదు. తప్పులు శ్రద్ధగా చేస్తే చాలన్నారు.

విద్యార్థులం ఇద్దరం. రెండోవాడు మీరా మొహిద్దీన్. లుంగీలూ చేతిరుమాళ్ళూ పాండిచ్చేరికి పంపే వ్యాపారి. బేరం ఆడేటప్పుడు ఎదుటివాళ్ళు తమలో తాము ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని ఆయన కోరిక. ఇంతకన్నా పవిత్రమైన విద్యాకాంక్ష నేను ఎరగను.

మొదటి నెలలు సుఖంగానే గడిచాయి. నమస్కారాలు, అంకెలు, వారాల పేర్లు. తర్వాత ‘నాది’ దగ్గరికి వచ్చాము.

మన తెలుగులో ఉన్న లోపం ఏమిటంటే, చాలా సులువు. నా ఇల్లు, నా మేక, నా గొడుగు. ఇల్లు మారినా మేక మారినా ‘నా’ మారదు. అందుకే మనవాళ్ళకి ఎంత చిన్నపిల్లవాడికైనా ‘నాది’ అనడం చప్పున వచ్చేస్తుంది, పెద్దయినా పోదు. ఫ్రెంచివాళ్ళు అంత తేలిగ్గా ‘నాది’ అననివ్వరు. అనే ముందు ఆ వస్తువు ఆడదా మగదా తేల్చుకోవాలి. వస్తువులన్నిటికీ వాళ్ళు ఎప్పుడో ఆ విభాగం చేసి పెట్టారు. గొడుగు మగది. కుర్చీ ఆడది. ఎందుకని అడిగితే క్రీస్తుదాసు గారు, “అడగకూడదు, ముప్ఫై ఏళ్ళలో నేను అడగలేదు” అన్నారు.

“గడ్డం, లా బార్బ్. స్త్రీలింగం,” అని ఒకరోజు చెప్పారు.

మీరా మొహిద్దీన్ తన గడ్డం మీద చెయ్యి వేసుకున్నాడు. “ఇదా?”

“అదే.”

“నాది కూడానా సారూ?”

“ఎవరిదైనా అంతే.”

ఆయన నా ముఖం వైపు చూసి, “మరి మీసం?” అన్నాడు.

“లా ముస్తాష్. అదీ స్త్రీలింగమే.”

నా మీసం సంగతి పాఠకులకు తెలియదు. తెలిసినవాళ్ళు నా మౌనాన్ని అర్థం చేసుకోగలరు. మీరా మొహిద్దీన్ ఆఖరి ఆశగా, “చీరె?” అన్నాడు.

“లె సారి. పుంలింగం.”

ఆ రోజుకి పాఠం అంతటితో ఆగింది.

ఇక ‘నా’ అనడానికి మగవస్తువు ముందు ‘మోం’ అనాలి, ఆడవస్తువు ముందు ‘మా’ అనాలి. నా ఇల్లు అంటే ‘మా మెజోం’. ఇది విని నాకు ప్రాణం లేచి వచ్చింది. మన మాటే గదా! మా ఇల్లు, మా వీధి, మా ఆవిడ. కాని క్రీస్తుదాసు గారు వేలు ఎత్తారు.

“అది మన ‘మా’ కాదు. ఆ భాషలో ‘మా’ అంటే నా. ‘మా’ అనాలంటే, వస్తువులు చాలా ఉన్నప్పుడు, ‘నో’ అనాలి.”

“నో అంటే లేదని గదా?” అన్నాడు మీరా మొహిద్దీన్.

“లేదనాలంటే ‘నోం’.”

“అయితే మా రుమాళ్ళు అనాలంటే నో రుమాళ్ళు అనాలి, రుమాళ్ళు లేవనాలంటే నోం అనాలి.” ఆయన కళ్ళు మూసుకున్నాడు. “నాలుగేండ్లుగా ఒక దొర సరుకులో చెడ్డవేమన్నా ఉండాయా అంటే నేను నో, నో అంటాండా, ఆయన మావేనని విని చూడకుండానే పోతాండాడు సారూ. ఇప్పుడర్థమయింది.”

ఇంకో విశేషం. భార్య అనడానికి వాళ్ళకి రెండు మాటలున్నాయి. ఒకదాని ముందు ఆడ ‘మా’ పెడతారు. రెండోది అచ్చుతో మొదలవుతుంది. అచ్చు ముందు ‘మా’ అంటే నోటికి కష్టం. అందుకని ఆమె ఆడది అయినా సరే మగ ‘మోం’ పెట్టేస్తారు. పలికేవాడి నోటి సౌకర్యం కోసం ఆడమనిషి ముందు మగమాట! దీన్ని మించిన నాగరికత ఎక్కడన్నా ఉందా?

చివరికి ‘అతని, ఆమె’ దగ్గరికి వచ్చాము. ఆ మాటలు ‘సోం’, ‘సా’. నేను ఇంగ్లీషు నాలుగు ముక్కలు చదివినవాణ్ణి కనక, చెప్పకముందే నోటుబుక్కులో రాసుకున్నాను: సోం అంటే అతని, సా అంటే ఆమె. క్రీస్తుదాసు గారు ఆ లైను అడ్డంగా కొట్టేశారు.

“ఇంటివాడు ఆడా మగా అని ఈ మాట చూడదు, రైటరు గారూ. ఇల్లు ఆడా మగా అని చూస్తుంది. ఇల్లు స్త్రీలింగం. కనక ఆయన ఇల్లయినా సా మెజోం. ఆవిడ ఇల్లయినా సా మెజోం.”

“మరి ఎవరి ఇల్లని తెలిసేదెట్లా?”

“ఈ మాట వల్ల తెలియదు.”

నేను ఆ రోజు ఆ భాషను తిట్టుకుంటూ ఇంటికి వెళ్ళాను. ఎంత తెలివితక్కువ పని చేశానో మూడు వారాల్లో తెలిసింది.

వాకాడుకు తూర్పున, సముద్రపు వార ఒక పల్లె ఉంది. పేరు చెప్పను. అక్కడి మిషన్ బడిలో రెబెక్కమ్మ గారు టీచరు. యాభై ఏళ్ళుంటాయి. ఒకరోజు పొద్దున్నే ఆమె చేతిసంచీతో, గొడుగుతో నా వరండాలోకి వచ్చి, ఒక కవరు తీసి బల్ల మీద పెట్టారు. ఆమె వెనకే, నాలుగు గజాల దూరంలో, ఒక నడివయసు మనిషి భుజాన తువ్వాలుతో నిలబడ్డాడు. ఆమె మరిది హెబ్రోను. చేపలు పట్టే మనిషి. ఇద్దరూ ఒకే బస్సులో, ఒకరు ముందు, ఒకరు వెనక కూర్చుని వచ్చారు. కాగితంలో ఏముందో ఒకరి నోటి మీదుగా ఇంకొకరు వినడం ఇద్దరికీ ఇష్టం లేదు.

“రైటరు గారూ, మీకు ఫ్రెంచి వచ్చునంట గదా,” అన్నారామె.

“వచ్చు,” అన్నాను. అప్పటికి ఎనిమిది నెలలయింది.

సంగతేమిటంటే, రెబెక్కమ్మ గారి భర్త, సమాధానం అనే అతను, పద్దెనిమిదేళ్ళుగా పాండిచ్చేరిలో ఒక దొర ఇంట్లో వంటవాడు. రెండేళ్ళకొకసారి క్రిస్మసుకు వచ్చేవాడు. ఒక సెంటుబుడ్డి తెచ్చేవాడు, పండగ కాగానే వెళ్ళిపోయేవాడు. పిల్లలు లేరు. ఆ పద్దెనిమిదేళ్ళలో ఈమె పల్లెలో ఒక ఇల్లు కట్టారు. స్థలం ఆమె నాయన ఇచ్చింది. బడి వదిలాక సాయంత్రాలు స్వర్ణముఖి ఏటి ఒడ్డు నుంచి ఇసుక గంపలతో తనే మోసుకొచ్చుకున్నారు. ఒక ఏడాది గోడలు, మూడేళ్ళకి పైకప్పు. తుఫానుకు పెంకులు లేచిపోతే మళ్ళీ కప్పించుకున్నారు. ఇల్లు పూర్తయిన ఏడు క్రిస్మసుకు సమాధానం వచ్చి, చుట్టూ తిరిగి చూసి, “వంటిల్లు చిన్నదయింది” అన్నాడట.

ఇంటిపన్ను రాసుకునేవాళ్ళు వచ్చినప్పుడు యజమాని ఎవరని అడిగితే ఆమె తన పేరు చెప్పారు. “మగాళ్ళ పేరు చెప్పమ్మా,” అన్నారు వాళ్ళు. సమాధానం అని చెప్పారు. రిజిస్టరులో ఆ పేరే పడింది.

మొన్నటి అక్టోబరులో సమాధానం పాండిచ్చేరిలోనే జ్వరంతో చనిపోయాడు. నెల తర్వాత దొర ఇంటి నుంచి ఈ కవరు వచ్చింది. చనిపోయే ముందు తన వాళ్ళ గురించి అతను చెప్పిన నాలుగు మాటలు దొర ఫ్రెంచిలో రాసి, సంతకం చేసి, ముద్ర వేసి పంపాడు.

హెబ్రోను చెడ్డవాడు కాదు. పెళ్ళయిన కొడుకులిద్దరూ ఆయనతో ఒకే గుడిసెలో ఉన్నారు. “మా అన్న ఇల్లు. నాకూ పాలుండాది. కాగితంలో ఏముంటే అది,” అన్నాడు. పల్లె పెద్దలు కూడా అదే చెప్పారట. ఇల్లు సమాధానానిదైతే తమ్ముడికి సగం. రెబెక్కమ్మదైతే ఏమీ లేదు.

నేను కాగితం విప్పాను. ఒక పేజీ. అందులో నాకు పేర్లు మూడూ అర్థమయ్యాయి. ‘సా’ అనే మాట రెండుచోట్ల అర్థమయింది. ఒక సా ఇంటి ముందు ఉంది, ఒక సా పడవ ముందు ఉంది. “చాలా ముఖ్యమైన కాగితం,” అన్నాను. రెండు రోజులు గడువడిగి క్రీస్తుదాసు గారి దగ్గరికి పరిగెత్తాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుని చదివారు. “దొర శుభ్రంగా రాశాడు. ఒక్క తప్పు లేదు.”

“ఇల్లు ఎవరిదన్నాడు?”

“సా మెజోం అన్నాడు.”

“అదే, ఎవరిది?”

“ఆ వాక్యంలో ఉన్నవాళ్ళలో ఒకరిది.”

దాన్ని తెలుగు చెయ్యడానికి కూర్చున్నాను. ‘ఆయన ఇల్లు’ అని రాస్తే ఆమెకు సగం పోతుంది. ‘ఆమె ఇల్లు’ అని రాస్తే హెబ్రోనుకు సగం పోతుంది. దొర ఏదీ చెప్పలేదు. నేను చెబితే అబద్ధమవుతుంది. ఒక పూటంతా కలం నములుతూ కూర్చున్నాక మన భాషలోనే ఒక మాట దొరికింది. ఇట్లా రాశాను:

‘తన భార్య రెబెక్కమ్మ తన ఇంట్లో ఉంటున్నదనీ, తన తమ్ముడు హెబ్రోను తన పడవ మీద పని చేస్తున్నాడనీ సమాధానం తెలియజేశాడు.’

చూశారా? నాలుగు ‘తన’లు. మొదటిదీ మూడోదీ సమాధానానివే, సందేహం లేదు. రెండోదీ నాలుగోదీ ఎవరివో దేవుడికే తెలియాలి. ఫ్రెంచివాడి ‘సా’ ఎంత అమాయకంగా ఉందో మన ‘తన’ కూడా అంతే అమాయకంగా ఉంది. ఇరవై రెండేళ్ళలో లక్ష ‘తన’లు రాసి ఉంటాను. ఒక్కనాడూ దాని మొహం వైపు చూడలేదు. క్రీస్తుదాసు గారు చదివి, అచ్చు వేయించవచ్చునన్నారు.

రెండు రోజుల తర్వాత వదినా మరుదులు వచ్చారు. చదివి వినిపించాను.

“చూసినావా వదినా. మా అన్న తన ఇల్లనే చెప్పినాడు,” అన్నాడు హెబ్రోను.

“నేను నా ఇంట్లో ఉండానని గదా చెప్పినాడు,” అన్నారు రెబెక్కమ్మ గారు.

నా అనువాదం ఇద్దరికీ తృప్తి కలిగించింది. ఏ అనువాదకుడికి దక్కుతుంది ఇంతటి అదృష్టం? ఇద్దరూ నాకు దణ్ణం పెట్టి అదే బస్సులో వెళ్ళారు. బస్సు వాకాడు చేరకముందే తగవు మొదలయిందని కండక్టరు చెప్పాడు.

తర్వాతి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు, ఆరాధన అయినాక, ఆ పల్లె బడి వరండాలో పంచాయతీ పెట్టారు. నన్నూ క్రీస్తుదాసు గారినీ పిలిపించారు. వాకాడు దాకా బస్సు, అక్కణ్ణించి ఎద్దుబండి. పంచాయతీ ప్రెసిడెంటు మాలకొండయ్య గారు కుర్చీలో కూర్చున్నారు. న్యాయం జరగాలనుకునే మనిషి. అది తొందరగా జరగాలని కూడా అనుకుంటారు.

“చదవండి రైటరు గారూ.”

చదివాను.

“మళ్ళా చదవండి.”

మళ్ళా చదివాను.

“తన ఇల్లంటే ఎవురిదబ్బా?”

“ఆయనదైనా కావచ్చు, ఆమెదైనా కావచ్చునండీ. అసలు కాగితంలో కూడా అంతే ఉంది.”

“మీరు ఫ్రెంచి ఎన్నాళ్ళు చదివినారు?”

“తొమ్మిదో నెల నడుస్తోంది.”

“ఈ మాట చెప్పేదానికి తొమ్మిది నెల్లా?” అన్నారు మాలకొండయ్య గారు. వరండాలో వాళ్ళు నవ్వారు. నేను కూడా కొంచెం నవ్వాను.

హెబ్రోను లేచాడు. “రిజిస్టరులో మా అన్న పేరుండాది. ఇంటికి మగోడు ఆయన. తన ఇల్లంటే ఆయనదే గదా. ఇంకెవురిదవతాది?”

చాలామంది తలలు ఊపారు. మన ‘తన’కు ఆడా మగా లేదని వ్యాకరణం చెబుతుంది. కాని ఆ వరండాలో ఉన్న మగవాళ్ళందరి చెవుల్లోకీ అది మీసం పెట్టుకునే వెళ్ళింది.

“అమ్మా, మీరు జెప్పేదేమన్నా ఉండాదా?” అన్నారు మాలకొండయ్య గారు.

రెబెక్కమ్మ గారు స్తంభం పక్కనుంచి లేచారు. “రైటరు గారూ, ఒకటడుగుతా. మేం పిల్లోళ్ళకి పుంలింగం, స్త్రీలింగం అని చెప్తాం. ఆ భాషలో ఇంటి ముందర రాసిన మాట ఉండాదే, అది ఏ లింగం?”

ఆమె ఎత్తువేసి అడగలేదు. టీచరు గనక టీచరులాగే అడిగారు.

“స్త్రీలింగం,” అన్నాను.

మాలకొండయ్య గారు కుర్చీలో ముందుకు జరిగారు. “ఏందీ, ఆడమాటా?”

“అవునండీ.”

“మగమాట వేరే ఉండాదా?”

“ఉందండీ. సోం అంటారు.”

“ఇంటి ముందర ఆ దొర అది రాయలా?”

“రాయలేదండీ.”

“ఆడమాటే రాసినాడు.”

“ఆడమాటే రాశాడు.”

నేను చెప్పిన ప్రతి అక్షరం సత్యం. చెప్పవలసినది ఒక్కటే మిగిలింది. ఆ ఇల్లు మీసాలున్న పదిమంది వస్తాదులదైనా, ఆ మాట అట్లాగే ఉంటుందని. అది చెప్పడానికే నోరు తెరిచాను. తెరిచినప్పుడు వరండా చూరు కింద నుంచి ఆ ఇల్లు కనిపించింది. ముందు గోడకి సున్నం ఉంది. పక్క గోడకి ఇంకా పూత పడలేదు, ఇటుకలు కనిపిస్తున్నాయి. నోరు మూసుకున్నాను.

మాలకొండయ్య గారు క్రీస్తుదాసు గారి వైపు తిరిగారు. “అయ్యా, మీరు కోర్టులో పని చేసినారంట. రైటరు చెప్పింది నిజమేనా?”

క్రీస్తుదాసు గారు లేచి కోటు గుండీ పెట్టుకున్నారు. “ప్రతి మాటా నిజమే. అయితే…” అని దగ్గడం మొదలుపెట్టారు. ఉబ్బసం మనిషి. నీళ్ళిచ్చారు, విసనకర్ర తెచ్చారు. ఆ దగ్గు తగ్గలేదు. తర్వాత ఎద్దుబండి మీద ఎనిమిది మైళ్ళ దుమ్ములో తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఒక్కసారి కూడా దగ్గలేదని ఇక్కడ మనవి చేస్తున్నాను.

“దొర ఆడమాట రాసినాడు. అంటే ఆమె ఇల్లే. అయిపోయింది,” అన్నారు మాలకొండయ్య గారు.

సగం విద్య ఎంత వరమో ఇప్పటికి పాఠకులు గ్రహించి ఉంటారు. కాని వరాలకు ఒక గుణముంది. ఇచ్చినవాడి మాట వినవు.

హెబ్రోను తువ్వాలుతో మొహం తుడుచుకుని, “సరే. ఇల్లు పోతే పోయింది. నా పడవ సంగతి గూడా అందులో ఉండాదంట గదా. అది నాదని ఖాయం చేసి పంపండి,” అన్నాడు.

“పడవ ముందర ఏ మాట ఉండాది?” అన్నారు మాలకొండయ్య గారు.

నేను కాగితం వైపు చూశాను. ఫ్రెంచిలో పడవ కూడా ఆడదే. “సా,” అన్నాను.

“ఆడమాటా?”

“ఆడమాటే.”

మాలకొండయ్య గారు గడ్డం గోక్కున్నారు. “న్యాయమంటే అందరికీ ఒకటే గదా. ఆడమాటైతే పడవ గూడా రెబెక్కమ్మదే అవతాది.”

హెబ్రోను నిలబడ్డవాడు నిలబడ్డట్టే చతికిలపడ్డాడు. ఆయనకి ఆ పడవ తప్ప వేరే ఆధారం లేదు. క్రీస్తుదాసు గారు నిజంగానే దగ్గు మరిచిపోయి నా వైపు చూశారు. ఇప్పుడు వ్యాకరణం పూర్తిగా చెబితే పడవ హెబ్రోనుకు వస్తుంది, ఇల్లు మళ్ళీ వీధిలో పడుతుంది.

రెబెక్కమ్మ గారే లేచారు. “పడవ ఆయనది,” అన్నారు.

“కాగితంలో ఆడమాట…”

“కాగితం వద్దు సారూ. ఆ పడవ చేయించింది ఆయన. ఏడేండ్లుగా దాని మీద సముద్రానికి పోయేది ఆయన. యాడాదికోసారి తారు పూసేది నేను చూస్తాండా, మీరంతా చూస్తాండారు. అది హెబ్రోనుదని చెప్పేదానికి పాండిచ్చేరి నుంచి ఎవురన్నా రాయాల్నా?”

“అక్కర్లా,” అన్నారు మాలకొండయ్య గారు.

“ఇల్లు నేను కట్టేది గూడా మీరు చూసినారు.”

ఆమె కూర్చున్నారు. గొంతు పెంచలేదు. వరండాలో ఉన్నవాళ్ళందరూ తమ తమ కాళ్ళ వైపు చూసుకున్నారు. మాలకొండయ్య గారు నెమ్మదిగా, “ఇటుకలు తోలింది మా బండే గదా,” అన్నారు. ఎవరికి చెప్పారో తెలియదు.

హెబ్రోను లేచి వచ్చి వదిన ముందు నిలబడ్డాడు. “పెంకులు నాలుగు జారుండాయి వదినా, పడమర పక్క. రేపు పెద్దోణ్ణి పంపిస్తా,” అన్నాడు. ఆమె తల ఊపారు.

ఇక రిజిస్టరులో పేరు మార్చాలి. దానికి పై ఆఫీసుకు అర్జీ పెట్టుకోవాలి. రైటరు ఉండనే ఉన్నాడు గదా అని అక్కడికక్కడే నా చేత రాయించారు. ఇరవై రెండేళ్ళ చెయ్యి. ఆలోచించకుండానే సాగిపోయింది: ‘కీర్తిశేషులు సమాధానం గారి భార్య రెబెక్కమ్మ వ్రాసి పంపుకొన్న అర్జీ.’ సంతకానికి ఆమె చేతికిచ్చాను.

ఆమె చదివారు. మొదటి లైను దగ్గర వేలు పెట్టారు. “ఇదేంది?”

“మీరెవరో తెలియాలి గదమ్మా.”

“పేరు రాసినారు గదా.”

“పద్ధతమ్మా. ఆడవాళ్ళయితే ఎవరి భార్యో రాయాలి.”

“హెబ్రోను అర్జీ పెట్టుకుంటే, ఫలానా ఆమె మొగుడని రాస్తారా?”

“రాయమమ్మా.”

ఆమె సంచీలోంచి ఎర్ర పెన్సిలు తీసి, ‘కీర్తిశేషులు సమాధానం గారి భార్య’ అన్న ముక్క కొట్టేసి, పైన ‘టీచరు’ అని రాశారు. కాగితం నాకిచ్చి, “మళ్ళా రాయండి,” అన్నారు.

ఇల్లు ఆమెదని తేల్చిన చేత్తోనే ఆమెను ఇంకొకరిదిగా రాశానని నాకప్పుడు తెలిసింది. మళ్ళీ రాశాను. సాక్షులుగా మాలకొండయ్య గారు సంతకం చేశారు, హెబ్రోను వేలిముద్ర వేశాడు.

మూడు వారాలకి అర్జీ వాపసు వచ్చింది. ‘అర్జీదారు ఎవరి భార్యయో తెలుపలేదు’ అని ఉంది. రెబెక్కమ్మ గారు కింద, ‘భర్త లేడు. ఇల్లు ఉంది’ అని రాసి పంపించారు.

రెండు నెలలకి మళ్ళీ వాపసు. ‘ఎవరి కుమార్తెయో తెలుపవలెను.’ ఆమె నాయన పేరు రాసి, చనిపోయి ముప్ఫై ఏళ్ళయిందని కూడా రాశారు.

వేసవి సెలవుల్లో మూడోసారి వచ్చింది. ‘ఇంటియందు మగవారెవరైనా ఉన్నయెడల వారి అంగీకారము జతపరచవలెను.’ ఆమె నా వరండాలోనే కూర్చుని జవాబు రాశారు. నేను చూశాను. ‘పిల్లి ఉంది. మగదే. సంతకం రాదు.’

పోయిన శుక్రవారం నాలుగోసారి పంపాము. అర్జీ అంతా తెలుగులోనే ఉంది. ఆ ఆఫీసులో అందరికీ తెలుగు పూర్తిగా వచ్చు.